న్యూట్రినోకి చేతులెక్కడివి?

ప్రశ్న: మాస్టారూ, మా అమ్మాయి బీఎస్సీ ఫిజిక్స్. లోకంలో పదార్థం మిగలడానికి కుడిచేతి న్యూట్రినోలే కారణం అంటుంది. ‘వాటికి చేతులెక్కడివే?’ అంటే నవ్వుతుంది. నిజమేనా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: నవ్వనివ్వండమ్మా. న్యూట్రినో అంటే విద్యుదావేశం లేని, చాలా తేలికైన బుల్లి కణం. దాని ‘చేతివాటం’ ఏమిటో క్లాసులో నేను స్క్రూతో చెప్పేవాణ్ణి. స్క్రూ గోడలోకి పోయే వైపు కుడిచేతి బొటనవేలు చూపించండి. మిగతా వేళ్లు ముడుచుకున్న వైపే అది తిరుగుతుంది. అదీ కుడిచేతి వాటం. కణాలూ ముందుకు పోతూ స్క్రూలాగే తిరుగుతున్నట్టు ఉంటాయి; తిరుగుడు అటైతే కుడిచేతివి, ఇటైతే ఎడమచేతివి. ఎలక్ట్రాన్లలో రెండు వాటాలవీ ఉంటాయి. న్యూట్రినోలు మాత్రం, 1958లో గోల్డ్‌హేబర్ బృందం కొలిచిన దగ్గర్నుంచి, ఎడమచేతివే కనిపిస్తున్నాయి. కుడిచేతిది ఇంతవరకు ఎవరికీ చిక్కలేదు.

ఇక అసలు సంగతి. బిగ్ బ్యాంగ్ వేడిలో పదార్థం, ప్రతిపదార్థం (అదే బరువు, ఆవేశం మాత్రం తిరగబడిన ప్రతికణాలతో అయినది) జంటలుగా పుట్టాయి. ఎదురుపడ్డాయంటే రెండూ పోయి కాంతి మిగులుతుంది. లెక్క సరిసమానమైతే మీరూ లేరు, తెనాలీ లేదు. కానీ సుమారు వంద కోట్లకు ఒకటి చొప్పున పదార్థం ఎక్కువైంది.

అదెలాగో 1986లో జపాన్ శాస్త్రవేత్తలు ఫుకుగిటా, యనగిదా ఒక దారి చూపారు. మొదట్లో చాలా బరువైన కుడిచేతి న్యూట్రినోలు ఉండేవనుకోండి. విద్యుదావేశం లేదు కాబట్టి ఆ కణం తనకు తానే ప్రతికణం కావచ్చు. విరిగిపోయేటప్పుడు ఎలక్ట్రాన్ జాతి కణాన్నీ ఇవ్వగలదు, దాని ప్రతికణాన్నీ ఇవ్వగలదు. ఆ రెండు దారుల మధ్య రవ్వంత తేడా చాలు. ఆశ్చర్యమేమిటంటే, మొగ్గు ప్రతికణాల వైపే ఉండాలి (అచ్చు తప్పు కాదండోయ్!). ఆ వేడిలో జరిగే మరో ప్రక్రియ అందులో కొంత భాగాన్ని ప్రోటాన్లు, న్యూట్రాన్ల మిగులుగా మార్చేస్తుంది.

ఆ బరువు ఇంకో చిక్కునూ విప్పుతుంది. పార్కులో సీ-సా మీద ఒకవైపు లావుపాటివాడు కూర్చుంటే రెండోవాడు గాల్లోకి లేస్తాడు కదా! కుడిచేతిది అంత బరువు కాబట్టే మనకు తెలిసిన న్యూట్రినో అంత తేలిక అంటారు. నాకు ఈ సిద్ధాంతం నచ్చింది కూడా అందుకే.

ఋజువా? ప్రోటాన్ కన్నా వంద కోట్ల రెట్లు మించిన బరువును ఏ యంత్రమూ పుట్టించలేదు. అందుకే చుట్టుదారి: ఒకే కేంద్రకం నుంచి రెండు ఎలక్ట్రాన్లు వచ్చి, న్యూట్రినోలు మాత్రం రాకపోతే, న్యూట్రినో తనకు తానే ప్రతికణమని తేలుతుంది. జపాన్‌లో కామియోకా గనిలో 745 కిలోల జినాన్ అనే వాయువు పెట్టి మరీ వెతికారు. దొరకలేదు. కాబట్టి అమ్మాయిని ‘కారణం’ అన్నచోట ‘కారణం కావచ్చు’ అనమనండి. పరీక్షలో నేనైతే అర మార్కు తగ్గించేవాణ్ణి.