ఆరింటికి ల్యాప్‌టాప్ దానంతట అదే ఆగిపోవాలి

ఇంటి నుంచి పని చేసేవాళ్లు టాస్క్ షెడ్యూలర్ (చెప్పిన టైముకు చెప్పిన పనిని దానంతట అదే నడిపే విండోస్ టూల్) పెట్టుకుంటే ఆఫీసు టైము, ఇంటి టైము వేరవుతాయా అని అడిగారు. తప్పకుండా అవుతాయి. హనుమకొండలో ఉండి హైదరాబాద్ కంపెనీకి నాలుగేళ్లుగా పని చేస్తున్నాను, నాకు దీన్ని మించింది దొరకలేదు. కానీ ఒక్క టిక్కు చూసుకోక నేను పోగొట్టుకున్న సాయంత్రం గురించి చెప్పాలి.

నాది సొంత ల్యాప్‌టాప్. రోజూ 5:50కి షట్‌డౌన్ కమాండ్ నడిచేలా, గడువు 600 సెకన్లు పెట్టాను. ముందు హెచ్చరిక వస్తుంది, పది నిమిషాలకు ఏది తెరిచి ఉన్నా మూసేసి ఆగిపోతుంది. అందుకే 5:35కి ఇంకో టాస్క్ ఒక నోట్ ఫైలు తెరుస్తుంది. రేపు పొద్దున ఎక్కడ మొదలుపెట్టాలో అందులో రాసి, అన్నీ సేవ్ చేసుకుంటాను.

సద్దుల బతుకమ్మ రోజు సెలవే అయినా సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉందని కూర్చోబెట్టారు. పండగ పూట రిలీజ్ పెట్టేవాళ్ల ఇళ్లల్లో ఆడవాళ్లు ఉండరా? షట్‌డౌన్ గంట ముందుకు జరుపుకున్నాను. తాంబాళంలో తంగేడు, గునుగు రెండు వరుసలు పేర్చి, ఒక చిన్న చెక్ ఉందంటే గదిలోకి వెళ్లాను. ఐదింటికి ఎలాగూ ఆగిపోతుందన్న ధీమా. నాలుగున్నరకు వాన పడి కరెంటు పోయింది. ఫోన్ హాట్‌స్పాట్ మీద పని సాగుతూనే ఉంది. నేను టైము చూడటం ఎప్పుడో మానేశాను, ఆ పని షెడ్యూలర్‌దే కదా. అత్తమ్మ తలుపు దగ్గరికొచ్చి "పొద్దుగూకింది బిడ్డా, వాడకట్టోళ్లందరు పద్మాక్షి గుట్టకు పోయిండ్రు" అన్నప్పుడు తలెత్తాను. మిగతా వరుసలు ఆమే పేర్చింది. మా పాప గునుగుకు రంగు అద్దుతూ నా కోసం చూసి చూసి, గులాబీ రంగు వేళ్లతోనే చాప మీద నిద్రపోయింది. లేపి తీసుకెళ్లేసరికి చాలామంది బతుకమ్మలను నీళ్లలో వదిలేసి మలీద పంచుకుంటున్నారు.

రాత్రి వెతికితే కారణం దొరికింది. టాస్క్‌లో కండిషన్స్ అనే చోట, ల్యాప్‌టాప్ ఛార్జింగ్‌లో ఉంటేనే నడవాలన్న టిక్కు ముందే పెట్టి ఉంటుంది. బ్యాటరీ మీద ఉంటే టాస్క్ మొదలే కాదు. అది తీసేయండి. టైము తప్పితే తర్వాత వీలైనంత త్వరగా నడపమనే టిక్కు ఇంకొకటి ఉంటుంది. షట్‌డౌన్‌కు అది పెట్టొద్దు, నిన్న తప్పిపోయింది ఇవాళ పొద్దున పని మధ్యలో వచ్చి మీద పడుతుంది.

ఇక ఫోన్ సంగతి. ల్యాప్‌టాప్ ఆగినా వాట్సాప్ గ్రూపు ఆగదు. "ఒక్క నిమిషం కాల్" అని రాత్రి తొమ్మిదింటికి అడగటం నాకు అన్యాయంగానే తోస్తుంది. ఆండ్రాయిడ్‌లో ఆఫీసు యాప్‌లను విడిగా ఉంచే వర్క్ ప్రొఫైల్‌ను ఆపేసుకోవచ్చు, కానీ గ్రూపు మన సొంత నంబరు మీదే ఉంటే అదేం చేస్తుంది? చేరేరోజే ఆఫీసు గ్రూపుకు సొంత నంబరు ఇవ్వనని చెప్పండి. నేను చెప్పలేదు, ఇప్పటికీ బాధపడుతున్నాను.

ఇప్పుడు 5:50కి హెచ్చరిక కనబడగానే మా పాపే వచ్చి ఛార్జర్ వైరు చుట్టి పెడుతుంది.