ఆరు పెన్నీల నాణెం మీది పిట్ట

ప్రశ్న: ఆక్లాండ్‌లో ఉంటున్న మా అమ్మాయి ఆరు పాత న్యూజిలాండ్ నాణేలను ఆల్బమ్‌లో అమర్చి పంపింది. పెన్నీ, ఆరు పెన్నీలు, ఫ్లోరిన్ (రెండు షిల్లింగుల నాణెం), ఆ తర్వాతి కాలపు 1, 2, 5 సెంట్లు. అన్నింటి మీదా అక్కడి పక్షో, మొక్కో, బల్లిలాంటి ప్రాణో ఉంది. 1933 నాటి ఆరు పెన్నీల నాణెం మీద కొడవలిలాంటి పొడవాటి ముక్కున్న పిట్టను చూసి మా మనవడు కివీ అంటున్నాడు. నిజమేనా? వీటిలో వెండివి ఏవి? నల్లబడిన పెన్నీని చింతపండుతో తోమవచ్చా?
— ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: ముక్కును చూసి మీ మనవడు పొరబడ్డాడు కాని, కాళ్ల కింద ఏముందో చూస్తే సంగతి తేలిపోతుంది. కివీ ఎగరలేదు, నేల మీదే తిరుగుతుంది. మీ నాణెం మీది పిట్ట కొమ్మ మీద కూర్చుని ఉంది. అది హుయా. వంకర తిరిగిన పొడవాటి ముక్కు ఆడ హుయాది, మగదాని ముక్కు పొట్టిగా, ఇంచుమించు తిన్నగా ఉంటుంది. కివీ కావాలంటే మీ ఫ్లోరిన్ తిరగేయండి.

క్రూగర్ గ్రే రూపొందించిన ఈ ఆరు పెన్నీల నాణెం వెలువడేనాటికే హుయా కనుమరుగైపోయింది. దాన్ని కచ్చితంగా చూసినట్టు నమోదైన చివరి సంవత్సరం 1907. అడవులు నరికివేయడం, బయటి నుంచి వచ్చిన ఎలుకల వంటి జంతువులు, వేట, ఇవన్నీ కలిసి దాన్ని తుడిచిపెట్టాయి. నల్లటి తోకకు చివర తెల్లని పట్టీ ఉండే ఆ ఈకలను న్యూజిలాండ్ మూలవాసులైన మావోరీల పెద్దలు గౌరవచిహ్నంగా తలలో ధరించేవారు. 1901లో అక్కడికి వచ్చిన యార్క్ ప్రభువు టోపీకి ఒక హుయా ఈకను తురిమిన తర్వాత, ఆ ఈకల కోసం తెల్లవారిలోనూ గిరాకీ ఎగబాకింది. ఆ ప్రభువే తర్వాత ఐదవ జార్జి చక్రవర్తి అయ్యాడు. మీ నాణేన్ని రెండో వైపు తిప్పి చూడండి, అక్కడున్నది ఆయన ముఖమే. ఇది ఎవరూ కావాలని చేసింది కాకపోవచ్చు గాని, నాకు తెలిసిన నాణేలలో ఇంత కథ రెండు వైపులా మోస్తున్నది మరొకటి లేదు.

పెన్నీ మీద ఉన్నది తూయీ పక్షి, దాని చుట్టూ ఉన్నవి అది తేనె తాగే కోఫై పూలు. మావోరీ భాషలో కోఫై అంటే పసుపుపచ్చ. మన తంగేడులాగే అదీ చిక్కుడు కుటుంబపు మొక్క. 1967 జులై 10న పెన్నీల బదులు దశాంశ నాణేలు (డాలరు, సెంట్లు) వచ్చినప్పుడు వాటి రూపకర్త జేమ్స్ బెర్రీ ఆ పూలను 2 సెంట్ల మీదికి, వెండిరంగు ఫెర్న్ ఆకును 1 సెంటు మీదికి, టువటారాను 5 సెంట్ల మీదికి తెచ్చాడు. టువటారా బల్లిలా కనిపించినా బల్లి కాదు. డైనోసార్ల కాలం నాటి వేరొక సరీసృప వర్గంలో మిగిలిన ఏకైక ప్రాణి. ఆరు పెన్నీలు, 5 సెంట్లు ఒకే పరిమాణం, ఒకే విలువ కావడంతో హుయా, టువటారా 2006 వరకు కలిసే చలామణి అయ్యాయి.

2 సెంట్ల నాణేన్ని ఒక్కసారి భూతద్దంతో చూడండి. లండన్ టంకశాలలో అచ్చు తారుమారై, రాణి బొమ్మ చుట్టూ న్యూజిలాండ్‌కు బదులు బహామా దీవుల పేరు పడి, సంవత్సరం లేకుండా కొన్ని వెలువడ్డాయి. సేకర్తలు ఎక్కువ ధర పెట్టేది వాటికే.

ఇక వెండి సంగతి. 1946 వరకు వచ్చిన ఆరు పెన్నీలలో, ఫ్లోరిన్లలో సగం వెండి ఉంటుంది. 1947 నుంచి వచ్చినవి రాగి, నికెల్ కలిసిన లోహం. కాబట్టి మీ ఆరు పెన్నీలది సగం వెండి. ఫ్లోరిన్ సంగతి దాని మీది సంవత్సరమే చెబుతుంది. పెన్నీ, 1, 2 సెంట్లు కంచువి.

చింతపండు మాత్రం వద్దు. ఇత్తడి బిందెకు మెరుపునిచ్చే ఆ పులుపే కంచు మీది పాత రంగు పొరను తినేస్తుంది. అలా తోమిన నాణేన్ని సేకర్త చూడగానే పక్కన పెడతాడు. ఆ నలుపును అలాగే ఉండనివ్వండి, అంచులు పట్టుకుని తీయండి. ఆల్బమ్ అరలు మెత్తటి పి.వి.సి. ప్లాస్టిక్‌వైతే మార్చండి, కొన్నేళ్లకు వాటి నుంచి పచ్చటి జిగురు దిగి రాగి కలిసిన నాణేలకు అంటుకుంటుంది. మీ ఊరి సముద్రపు గాలిలో తేమ ఎక్కువ కనుక పెట్టెలో సిలికా జెల్ పొట్లం వేసి, ఏడాదికి రెండుసార్లు మార్చండి.