బ్రిటన్‌లో చదువుతూ మానవ హక్కుల సంస్థకు ఉచితంగా పనిచేస్తే 20 గంటల లెక్కలోకి వస్తుందా?

ఒప్పందం లేని స్వచ్ఛంద సేవ ఆ లెక్కలోకి రాదు. ఒప్పందం రాసుకుని చేసే పని మాత్రం, జీతం లేకున్నా, వస్తుంది.

స్టూడెంట్ వీసా మీద డిగ్రీ, పీజీ చేసేవాళ్లు చదువు నడిచే రోజుల్లో వారానికి 20 గంటలే పనిచేయాలి. అక్కడి నిబంధనల్లో వాలంటీరింగ్ వేరు, వాలంటరీ వర్క్ వేరు. పేర్లు కవలపిల్లల్లా ఉండటంతోనే సగం తిప్పలు. మొదటిదాంట్లో వీలైతే వెళ్తారు, లేకుంటే మానేస్తారు. దారిఖర్చులు, భోజనం ఖర్చు తీసుకోవచ్చు. ఉద్యోగి చేయాల్సిన పనిని మాత్రం మీతో చేయించకూడదు. రెండోదాంట్లో ఫలానా రోజు, ఇన్ని గంటలు, ఈ పని అని కట్టుబడతారు.

హన్మకొండ నుంచి లీడ్స్‌కు ఎమ్మెస్సీకి వెళ్లిన అమ్మాయి సూపర్‌మార్కెట్లో వారానికి 15 గంటలు చేస్తోందనుకుందాం. సాయంత్రాలు ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ అనే మానవ హక్కుల సంస్థ విద్యార్థి బృందంతో కూర్చుని, ఖైదీల విడుదల కోరుతూ ఉత్తరాలు రాస్తే ఇబ్బంది లేదు. అదే ఒక సంస్థ ఆఫీసులో వారానికి 8 గంటలు తప్పకుండా రావాలని ఒప్పందం రాసుకుంటే మొత్తం 23 అవుతుంది. వీసా షరతు తప్పినట్టే.

"పైసలు తీసుకోలేదు కదా, అది పనెట్లయితది?" అనేది మనవాళ్లలో ఎక్కువగా వినిపించే అపోహ. ఈ వారం 23, వచ్చే వారం 17 చేస్తే సగటు సరిపోతుందన్నదీ అంతే. సోమవారం నుంచి ఆదివారం దాకా ఏ వారం లెక్క ఆ వారానిదే.