రాణి కట్టిన తెల్లచీర

తిరుపతి

చిరంజీవికి ఆశీస్సులు.

చిత్తూరు నుంచి నీవు పంపిన వ్యాసాన్ని రెండుసార్లు చదివాను. రాణుల ఛాయాచిత్రాలను వరుసగా ముందు పెట్టుకుని, ప్రతిదాని కిందా ‘అపురూప సౌందర్యం’, ‘రాజసం ఉట్టిపడే అలంకరణ’ అని రాసుకుంటూ పోయావు. ఆ మాటలు నగల దుకాణం ప్రకటనకు సరిపోతాయి. ఆ వస్త్రాన్ని ఎవరు ఎంచుకున్నారు, ఆ చిత్రం ఎవరి చేతికి చేరాలని తీయించారు అన్న ప్రశ్నలు మాత్రం ఎక్కడా కనిపించలేదు.

విక్టోరియా రాణి సంగతి చూడు. 1840లో తన పెళ్లి దుస్తులకు స్వదేశపు హోనిటన్ ఊరి చేతి అల్లిక లేసునే ఎంచుకుని అక్కడి పనివారికి ఊతమిచ్చింది. 1861లో భర్త పోయాక బ్రతికినంతకాలం నలుపే ధరించింది. అయినా 1897 వజ్రోత్సవానికి విడుదలైన అధికారిక చిత్రంలో ఆ నలుపు మీద పెళ్లినాటి లేసూ మేలిముసుగూ ఉన్నాయి. నాలుగేళ్ల ముందు మనుమడి పెళ్లి సందర్భంగా తీసిన ఆ చిత్రాన్ని ఎవరైనా అచ్చు వేసుకునేలా హక్కులు వదిలేశారు కనుక అది ఊరూరా తిరిగింది. ఆమె కోడలు అలెగ్జాండ్రా 1868లో పసిపిల్లను ఉప్పుమూట ఎత్తుకుని తీయించుకున్న చిత్రం 3 లక్షల ప్రతులు అమ్ముడుపోయిందంటారు. అందులో కిరీటం లేదు, తల్లి ఉంది.

ఇక బెంగాలు వైపున్న కూచ్ బిహార్ సంస్థానపు మహారాణి ఇందిరాదేవి. 1922లో భర్త మరణించాక ఆమెకు తెల్లచీర తప్పలేదు. అయితే ఆ తెలుపును ఆమె ఫ్రాన్సు షిఫానులో తెప్పించుకుంది. మన ఇళ్లలో తెల్లచీర కట్టిన అవ్వలు శుభకార్యం జరుగుతున్నంతసేపూ వెనుక గదిలోనే ఉండిపోయేవారు. మీ ఇంట్లో పెద్దవాళ్లెవరైనా ఉంటే అడిగి తెలుసుకో. ఏ వస్త్రం స్త్రీని నలుగురి కళ్ల నుంచి తప్పించడానికి పుట్టిందో, దానితోనే ఇందిరాదేవి కెమెరా ముందుకు వచ్చింది, తక్కిన సంస్థానాల స్త్రీలూ షిఫాను వైపు మళ్లారు. ఆ షిఫాను చీరలతోనే పేరుపడ్డ ఆమె కూతురు గాయత్రీదేవి 1962లో జైపూరు నుంచి లోక్‌సభకు పోటీ చేసి భారీ ఆధిక్యంతో గెలిచింది. ఈ తల్లీకూతుళ్లను నీవు ఒక్క వాక్యంలో దాటేశావు. నా మటుకు నాకు వ్యాసమంతా వాళ్ల గురించే ఉన్నా అభ్యంతరం లేదు.

అలాగని ప్రతి చిత్రంలోనూ ఎత్తుగడ వెతకకు. ఫొటోగ్రాఫరు లాలా దీన్‌దయాళ్ 1892లో హైదరాబాదులో జనానా స్టూడియో, అంటే స్త్రీలకు మాత్రమే ఉద్దేశించినది, తెరిచి, ఒక ఆంగ్ల వనిత చేత ఘోషా స్త్రీల చిత్రాలు తీయించాడు. అవి ఊరి కోసం తీసినవి కావు, ఇంటి కోసం తీసినవి. వాటిని విక్టోరియా చిత్రం పక్కన పెట్టి ఒకే తీర్పు చెబితే పొరపాటవుతుంది.

తిరగరాసే ముందు ఒకసారి కొండకు రా. మహాద్వారం దాటగానే కుడివైపున కృష్ణదేవరాయలి ప్రక్కన తిరుమలదేవి, చిన్నాదేవి లోహ విగ్రహాలు ఉన్నాయి. 1513లో స్వామి పాల ఆరగింపుకు బంగారు గిన్నెలు సమర్పించిన రాణులు వాళ్లే. ఆ దానం శాసనాలకెక్కింది, విగ్రహాల చేతులు మాత్రం ఖాళీగా, జోడించి ఉన్నాయి. క్యూలో ఎక్కువసేపు నిలబడనివ్వరు గనుక నగలను తరువాత చూడవచ్చు, ముందుగా ఆ చేతులను చూడు.