పాత పుస్తకం, కొత్త అపాచీ

వెబ్‌సైట్లు నడిపే అపాచీ సర్వర్ సెట్టింగులు పుస్తకంలో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా కొట్టినా బ్రౌజర్లో 403 (అనుమతి లేదనే ఎర్రర్) వస్తోందన్నారు కదండీ. తప్పు మీది కాదు, పుస్తకం వయసుది. ‘ఆర్డర్ అలౌ, డినై’, ‘అలౌ ఫ్రమ్ ఆల్’ అనేవి, ఎవరిని రానివ్వాలో చెప్పడానికి అపాచీ 2.2 వెర్షన్ నాటి పద్ధతి. 2012లో 2.4 వచ్చాక వాటి స్థానంలో ‘రిక్వైర్ ఆల్ గ్రాంటెడ్’ అన్న ఒక్క లైను చాలు. సెట్టింగుల ఫైల్లో మీ ఫోల్డర్‌కి సంబంధించిన డైరెక్టరీ బ్లాకులో అది మార్చి, రాసింది సరిగ్గా ఉందో లేదో చూసే కాన్ఫిగ్‌టెస్ట్ నడిపి, అపాచీని రీలోడ్ చేయండి. ఇంకా 403 అంటే అపాచీ తప్పులు రాసిపెట్టే ఎర్రర్ లాగ్ చివరి లైన్లు చూడండి, ఫోల్డర్ పర్మిషన్ల గొడవైనా అక్కడే తెలుస్తుంది.

పుస్తకాన్ని మాత్రం పాత పేపర్లవాడికి వేసేయకండి. హెచ్‌టీటీపీ (బ్రౌజరూ సర్వరూ మాట్లాడుకునే పద్ధతి), వర్చువల్ హోస్టులు (ఒకే సర్వర్ మీద చాలా సైట్లు నడపడం) వరసగా అర్థం చేసుకోవాలంటే నేనిప్పటికీ పుస్తకమే తీస్తాను. డైరెక్టివ్‌లకి, అంటే ఇలాంటి సెట్టింగు లైన్లకి మాత్రం అపాచీ వాళ్ల డాక్యుమెంటేషనే, అదీ పైన 2.4 అని ఉందో లేదో చూసుకుని. బ్లాగుల్లోంచి కాపీ కొట్టేముందు తేదీ చూడండి, అక్కడా 2.2 దయ్యాలు తిరుగుతున్నాయి.