సైబర్ సీటు కోసం స్థలం అమ్మొద్దు

ప్రశ్న: మాది నంద్యాల. విత్తనాలు, పురుగుమందుల కొట్టు ఉంది. మా అబ్బాయి ఈ ఏడు ఇంటర్ ఎంపీసీ పాసయ్యాడు. ఈఏపీసెట్‌లో 58 వేల పైన ర్యాంకు వచ్చింది. కర్నూలు వైపు ఒక కాలేజీలో కన్వీనర్ కోటాలో మామూలు సీఎస్ఈ రావచ్చంటున్నారు. హైదరాబాద్‌లో ఒక కాలేజీవాళ్లు మేనేజ్‌మెంట్ కోటాలో సీఎస్ఈ సైబర్ సెక్యూరిటీ సీటు ఇస్తామంటున్నారు. హాస్టల్‌తో కలిపి నాలుగేళ్లకు 14 లక్షల దాకా అవుతుంది. ఊరి బయట ఐదు సెంట్ల స్థలం ఉంది, అమ్మేద్దామనుకుంటున్నాను. వాడేమో అసలు ఇంజినీరింగే వద్దు, అమీర్‌పేటలో హార్డ్‌వేర్, నెట్‌వర్కింగ్ కోర్సు చేస్తానంటాడు. రెండేళ్లుగా సెలవుల్లో బస్టాండు దగ్గరి కంప్యూటర్ షాపులో కూర్చుని ల్యాప్‌టాపులు విప్పడం, సీసీ కెమెరాలు బిగించడం మరిగాడు. ఇంత చదివించి చివరికి రిపేర్లు చేసుకుని బతకాలా అని ఇంట్లో ఒకటే టెన్షన్. మూడింటినీ పోల్చి ఏది మేలో చెప్పగలరు.
– ఒక తండ్రి

జవాబు: పోల్చి చెప్తాను. కానీ మీ ప్రశ్నలో ర్యాంకు, ఫీజు, స్థలం అన్నీ లెక్క ప్రకారం రాసుకొచ్చి, చివర్లో ఒక్క మాట దగ్గర గొంతు మారింది. 'రిపేర్లు చేసుకుని బతకాలా' అన్న మాట దగ్గర. ఊరు మారుతుంది, ర్యాంకు మారుతుంది, ప్రతి జూన్‌లో ఈ మాట మాత్రం మారకుండా నా దగ్గరికి వస్తుంది. కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం. ఆప్షన్లు ఎలా పెట్టుకోవాలి, సర్టిఫికెట్ల పరిశీలన ఎప్పుడు అన్నవి మీ ఊళ్లో ఏ నెట్ సెంటర్‌లోనైనా చెప్తారు, అవి వదిలేస్తున్నాను.

2024 జులై 19న ఏం జరిగిందో గుర్తుందా? క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ పంపిన ఒక అప్‌డేట్‌లో తప్పు దొర్లి, ప్రపంచమంతటా దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలిరంగు తెర దగ్గర ఆగిపోయాయి. శంషాబాద్ నుంచి విమానం ఎక్కేవాళ్లకు బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. ఎవరూ హ్యాక్ చేయలేదు. కాపలాకి పెట్టుకున్న సాఫ్ట్‌వేరే పడగొట్టింది. కంపెనీ గంటంపావులోనే ఆ అప్‌డేట్‌ని వెనక్కి తీసుకుంది. కానీ అప్పటికే పడిపోయిన కంప్యూటర్లు లేవలేదు. చాలాచోట్ల మనిషి వెళ్లి, ఆ మెషిన్ ముందు కూర్చుని, సేఫ్ మోడ్‌లో తెరిచి, ఒక ఫైలు తీసేసి మళ్లీ ఆన్ చేయాల్సి వచ్చింది. డిస్కుకి బిట్‌లాకర్ తాళం ఉంటే దాని రికవరీ కీ ఎక్కడుందో వెతికి, 48 అంకెలూ కొట్టాల్సి వచ్చింది. ఆ రోజు పెద్ద పెద్ద కంపెనీలు ఎదురుచూసింది ఎవరి కోసం? మీరు రిపేర్లవాళ్లు అంటున్న మనుషుల కోసం.

సెక్యూరిటీ పని ఎలా ఉంటుందో మీ కొట్టు భాషలోనే చెప్తాను. రైతు ఒక ఆకు తెచ్చి మీ కౌంటర్ మీద పెడతాడు. మీరు చూసి తెగులా, పురుగా, జింకు లోపమా చెప్తారు. ఎలా చెప్పగలుగుతున్నారు? ఏ జబ్బూ లేని ఆకు ఎలా ఉంటుందో మీకు తెలుసు కాబట్టి. పెద్ద కంపెనీల్లో ఎస్ఓసీ అని ఒక విభాగం ఉంటుంది, ఇరవైనాలుగ్గంటలూ తెరల ముందు కూర్చుని నెట్‌వర్క్‌ని కాపలా కాసేవాళ్లు. రాత్రి రెండింటికి ఒక అలర్ట్ వస్తుంది: అకౌంట్స్ విభాగంలో ఒక మెషిన్ నిమిషానికి వందల డీఎన్ఎస్ ప్రశ్నలు (ఫలానా వెబ్‌సైట్ అడ్రస్ ఎక్కడ అని అడగడం) పంపుతోంది. అలర్ట్‌లో కనిపించిన ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో మెషిన్‌కి ఇచ్చే నంబరు) ఆ గంటలో ఏ మెషిన్‌కి ఇచ్చారో డీహెచ్‌సీపీ లాగ్‌లో, అంటే ఆ నంబర్లు ఎవరికి పంచారో రాసి ఉంచే చిట్టాలో చూడాలి. అది ఏ స్విచ్‌లో ఏ పోర్టుకి ఉందో పట్టుకోవాలి. ఆ పోర్టుని మూసేస్తే ఇంకేం ఆగిపోతాయో ఆలోచించి అప్పుడు మూయాలి. ఇందులో సినిమాల్లో చూపించే హ్యాకింగ్ ఒక్క ముక్క లేదు. ఉన్నదంతా నెట్‌వర్కింగే. కేబుల్ క్రింపింగ్ చేసి, ఐపీ కెమెరా రాకపోతే ఎందుకు రాలేదో గంటసేపు తల బద్దలుకొట్టుకున్న పిల్లాడికి ఇది సగం తెలిసిన దారి. మీవాడు రెండేళ్లుగా చేస్తున్నది టైంపాస్ కాదండీ.

ఇక ఆ 14 లక్షల సీటు. దీని గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే నాకు ఎక్కువ అనుమానాలున్నాయి.

సైబర్ సెక్యూరిటీ అన్న పేరు చూసి నేనూ మొదట్లో సంతోషించాను. కొందరు పిల్లలకి వెళ్లమని చెప్పాను కూడా. తర్వాత ఒక కాలేజీవాళ్లు పిల్లలతో మాట్లాడమని పిలిచారు. తలుపు మీద పెద్ద బోర్డు, సైబర్ సెక్యూరిటీ ల్యాబ్ అని. లోపల అరవై కంప్యూటర్లు, మొదటి ఏడాది పిల్లలు సీ ప్రోగ్రాములు రాసుకునే కంప్యూటర్లే. రూటర్, స్విచ్ ఎక్కడున్నాయని అడిగితే గోడవారగా ఉన్న అద్దాల బీరువా చూపించారు. రెండు స్విచ్‌లు, ఒక ఫైర్‌వాల్, అట్టపెట్టె స్టిక్కర్లు కూడా ఊడలేదు. బీరువాకి తాళం. తాళంచెవి ఉన్న మాస్టారు సెలవులో ఉన్నారు. మూడో ఏడాది పిల్లల్ని 'వీల్యాన్ (ఒకే స్విచ్‌ని విడివిడి నెట్‌వర్కులుగా విడదీయడం) ఎప్పుడైనా కాన్ఫిగర్ చేశారా' అంటే ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. అన్ని కాలేజీలూ ఇలాగే ఉంటాయనను. మంచి ల్యాబులున్నవీ చూశాను. కానీ ఆ రోజు నుంచి బోర్డు చూసి ఎవరికీ సలహా చెప్పడం మానేశాను.

సంచి మీద బొమ్మ చూసి విత్తనం కొనబోయే రైతుకి మీరేం చెప్తారు? మొలక శాతం చూడు, లాట్ నంబర్ చూడు, బిల్లు తీసుకో అంటారు. 14 లక్షల సంచి దగ్గర మాత్రం మీరు బొమ్మ చూసి ఆగిపోయారు. ఆ కాలేజీలో నెట్‌వర్క్స్, సెక్యూరిటీ చెప్పే మాస్టార్లలో ఆ పని నిజంగా చేసినవాళ్లు ఎంతమంది? కిందటేడు బయటికొచ్చిన బ్యాచ్‌లో సెక్యూరిటీ ఉద్యోగాల్లోకి ఎంతమంది వెళ్లారు, మామూలు కోడింగ్ ఉద్యోగాల్లోకి ఎంతమంది? ఈ రెండూ అడిగి చూడండి. రెండోదానికి జవాబు తడుముకుంటారు.

ఇంకో సంగతి. మామూలు సీఎస్ఈలో కూడా ఆపరేటింగ్ సిస్టమ్స్, కంప్యూటర్ నెట్‌వర్క్స్, క్రిప్టోగ్రఫీ ఉంటాయి. మొదటి రెండేళ్లు ఈ రెండు బ్రాంచీల సిలబస్ చాలావరకు ఒకటే. తేడా అంతా చివరి రెండేళ్లలో వచ్చే కొన్ని సబ్జెక్టుల్లో. పైగా మేనేజ్‌మెంట్ సీటుకి ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు. అంటే ఐదు సెంట్లు అమ్మి మీరు కొంటున్నది ఆ నాలుగైదు సబ్జెక్టుల్ని, మార్కుల మెమో మీద ఒక మాటని.

కాస్త కటువుగా అంటున్నాను, ఏమనుకోకండి. ఈ స్థలం అమ్మకం మీ అబ్బాయి కోసం కాదనిపిస్తోంది. బంధువుల పెళ్లిలో 'మీవాడు ఏం చేస్తున్నాడు' అంటే 'హైదరాబాద్‌లో సైబర్ సెక్యూరిటీ' అని చెప్పుకోవడం కోసం. వాడు రెండేళ్లుగా వెళ్తున్న షాపు మీ బస్టాండు దగ్గరే ఉంది కదా, మీరు ఒక్కసారైనా లోపలికి వెళ్లి వాడేం చేస్తున్నాడో చూశారా? చూసుంటే రాసేవారు. మీరు రాసింది 'మరిగాడు' అని. పిల్లాడు ఒక పనిని ఇష్టంగా నేర్చుకుంటే మన ఇళ్లలో దానికి తాగుడుకి వాడే మాట వాడతాం.

అలాగని వాడి మాటకీ నేను ఓటెయ్యను. అమీర్‌పేటలో మైత్రివనం చుట్టుపక్కల మంచి ట్రైనర్లు లేకపోలేదు. నెట్‌వర్కింగ్ బాగా చెప్పేవాళ్లు అక్కడున్నారు. కానీ 'మూడు నెలల్లో ఎథికల్ హ్యాకర్, నూటికి నూరు శాతం ప్లేస్‌మెంట్' అన్న ఫ్లెక్సీ కింద కూర్చోబెట్టేవాళ్లూ అక్కడే ఉన్నారు. వాళ్లు చూపించే సీఈహెచ్ (సర్టిఫైడ్ ఎథికల్ హ్యాకర్) సర్టిఫికెట్ రాత పరీక్ష నాలుగు గంటల్లో 125 బిట్లు, నాలుగు ఆప్షన్లలో ఒకటి టిక్కు పెట్టడం. దానికి ప్రాక్టికల్ పరీక్ష విడిగా ఉంది, అది రాయించేవాళ్లు తక్కువ. ఇదే రంగంలో ఓఎస్‌సీపీ అని ఇంకో పరీక్ష ఉంది. 23 గంటల 45 నిమిషాలు నిజంగా మెషిన్లలోకి చొరబడి చూపించాలి, తర్వాతి 24 గంటల్లో రిపోర్టు రాసివ్వాలి. అందరూ పెద్దగా చెప్పుకునే సీఐఎస్ఎస్‌పీకైతే ఐదేళ్ల ఉద్యోగ అనుభవం చూపిస్తేనే పూర్తి సర్టిఫికెట్. పద్దెనిమిదేళ్ల పిల్లాడు దాని జోలికి వెళ్లక్కర్లేదు.

ఒట్టి హార్డ్‌వేర్ కోర్సుతో ఉద్యోగం రాదా అంటే వస్తుంది. డెస్క్‌టాప్ సపోర్ట్, ఫీల్డ్ ఇంజినీర్ పనులకి మనుషులు ఎప్పుడూ కావాలి. ఇబ్బంది నాలుగేళ్ల తర్వాత మొదలవుతుంది. పని బాగా వచ్చినా, పై ఉద్యోగానికి డిగ్రీ కావాలని హెచ్‌ఆర్‌వాళ్లు కాగితం దగ్గరే ఆపేస్తారు. నా దగ్గరికి ఇరవై ఆరేళ్లకి వచ్చి, ఇప్పుడు దూరవిద్యలో డిగ్రీ చేస్తే నడుస్తుందా సార్ అని అడిగినవాళ్లున్నారు. మీవాడు ఎనిమిదేళ్ల తర్వాత ఆ కుర్చీలో కూర్చోవడం నాకిష్టం లేదు.

పోల్చి చెప్తానన్నాను కదా, అయిపోయింది: కర్నూలు సీఎస్ఈ. ల్యాబు సంగతి అక్కడా ఒకసారి చూసుకోండి, కానీ స్థలం అమ్మక్కర్లేదు, వాడి షాపు సెలవుల్లో వాడికి దక్కుతుంది. ఈ రెండూ నాకు పెద్ద విషయాలు.

వాడు ఇంజినీరింగ్ ఎందుకు వద్దంటున్నాడో మాత్రం నెమ్మదిగా కనుక్కోండి. చాలామంది పిల్లలు ఇంటర్ రెండేళ్లూ పొద్దున ఆరింటి నుంచి రాత్రి తొమ్మిదింటి దాకా స్టడీ అవర్లలో నలిగి, ఇంజినీరింగంటే అదే ఇంకో నాలుగేళ్లు అనుకుంటారు. 58 వేల ర్యాంకుతో నేను దద్దమ్మననీ అనుకుంటారు. రౌటింగ్ టేబుల్ (డేటా ఏ దారిన వెళ్లాలో రూటర్‌కి చెప్పే పట్టిక) ముందు ఈ ర్యాంకుకి పనిలేదని వాడికి చెప్పండి. నేను చెప్పానని చెప్పినా సరే.

కాలేజీలో చేరాక మొదటి ఏడాది లైనక్స్ (విండోస్ లాంటి ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్) నేర్చుకోమనండి. ఓవర్‌ద‌వైర్ వాళ్ల బ్యాండిట్ అని ఉచితంగా ఒక ఆట ఉంది, మెట్టు మెట్టుకీ ఒక పాస్‌వర్డ్ వెతుక్కుంటూ వెళ్లాలి, కమాండ్లు వాటంతటవే చేతికొస్తాయి. సిస్కో వాళ్ల ప్యాకెట్ ట్రేసర్ కూడా ఉచితమే. అద్దాల బీరువా తాళం తీసేవాళ్లు లేకపోయినా ల్యాప్‌టాప్‌లోనే పది రూటర్లు కలుపుకోవచ్చు. వైర్‌షార్క్ (నెట్‌వర్క్‌లో వచ్చీపోయే డేటాని చూపించే సాఫ్ట్‌వేర్) పెట్టుకుని తన ఫోన్ ఎవరెవరితో మాట్లాడుతోందో చూస్తే రెండు రాత్రులు నిద్రపోడు. కాగితం మీద సబ్‌నెట్టింగ్ (ఒక నెట్‌వర్క్‌ని చిన్న ముక్కలుగా విడదీసే లెక్క) మాత్రం బద్ధకించకుండా చేయాలి, మూడో ఏడాదికి సిస్కో వాళ్ల నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్ పరీక్ష సీసీఎన్ఏ రాయొచ్చు. పరీక్ష రుసుం 300 డాలర్లు, పన్ను అదనం. మూడేళ్లే చెల్లుతుంది కాబట్టి తొందరపడి ముందే రాయించకండి. కోడింగ్ రాదని తప్పించుకోకూడదు, పైథాన్ కొంచెమైనా లేకపోతే ఈ రోజుల్లో లాగ్‌లు చదవడం కూడా కష్టమే. బీటెక్ తర్వాత ఇంకా ఇదే ఇష్టమైతే కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడ్యాక్‌లో ఆరు నెలల పీజీ డిప్లొమా ఉంది, ఐటీ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్, సిస్టమ్స్, సెక్యూరిటీ కలిపి చెప్తారు. సీ-క్యాట్ అనే ప్రవేశ పరీక్ష రాసి చేరాలి. అప్పుడు ఖర్చు పెట్టండి, కాదనను.

వాడికి విడిగా ఒక హెచ్చరిక. పక్కింటి వైఫై పాస్‌వర్డ్ పట్టడం, కాలేజీ వెబ్‌సైట్‌లోకి దూరి ఫ్రెండ్స్‌కి చూపించడం వంటివి సరదాకి కూడా వద్దు. ఐటీ చట్టం 66వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. తన మెషిన్ మీద, అనుమతి ఇచ్చిన ల్యాబు మీద ఎంతైనా చేసుకోవచ్చు. కేసు ఉన్న పిల్లాడిని ఏ సెక్యూరిటీ కంపెనీ గడప తొక్కనివ్వదు.

మొదటి ఉద్యోగంలో జీతం మీ అంచనా కన్నా తక్కువే ఉండొచ్చు. నైట్ షిఫ్టులు ఉంటాయి, పండగ రోజు కూడా కాల్ వస్తుంది. వాళ్లమ్మగారికి ఇప్పటి నుంచే చెప్పి ఉంచండి. కానీ పని దొరకదేమోనన్న భయం మాత్రం పెట్టుకోకండి. 2022 నవంబర్‌లో సైబర్ దాడితో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లు పడిపోయి ఓపీ చీటీలు మళ్లీ చేత్తో రాసుకున్నారు. అదే ఏడాది నుంచి, ఇలాంటి దాడి ఏది జరిగినా ఆరు గంటల్లో తెలియజేయాలని, లాగ్‌లు 180 రోజులు దాచాలని కేంద్రంలోని సెర్ట్-ఇన్ సంస్థ నిబంధన పెట్టింది. ఆ లాగ్‌లు దాచడానికీ, చదవడానికీ మనుషులు కావాలి, కాపలా లేకుండా ఏ ఆసుపత్రీ, ఏ బ్యాంకూ నడవదు. మీవాడికి చెయ్యి తిరిగి ఉంది, మీకు వాడి మీద బెంగ ఉంది. నాకు రెండోదే ఎక్కువ కనిపిస్తోంది, కొంచెం తగ్గించుకోండి.

ఈ ఆదివారం ఒక పని చేయండి. మీ కొట్టులో బిల్లింగ్ కంప్యూటర్ ఉండే ఉంటుంది, జీఎస్‌టీ లెక్కలు, రైతుల బాకీలు అన్నీ అందులోనే ఉండి ఉంటాయి. రేపు అది తెరుచుకోకపోతే మీ పరిస్థితేంటో ఆలోచించండి. బ్యాకప్ పెట్టడం, పాస్‌వర్డ్ మార్చడం, పాత రూటర్ సరిచేయడం వాడికి అప్పగించి పక్కనే కుర్చీ వేసుకుని కూర్చోండి. ఏం చేస్తున్నాడో అడుగుతూ ఉండండి, విసుక్కోకుండా చెప్తాడు. పని అయ్యాక, బయటి టెక్నీషియన్‌కి ఎంత ఇచ్చేవారో అంతా వాడి చేతిలో పెట్టండి.