58 శాతం హాజరుతో సెమిస్టర్ వదిలేయాలా?

ప్రశ్న: మేము గాజువాకలో ఉంటాం. మా అబ్బాయి జేఎన్‌టీయూ అనుబంధ కళాశాలలో సీఎస్‌ఈ రెండో సంవత్సరం మొదటి సెమిస్టర్ చదువుతున్నాడు. వారంలో కొన్ని రోజులు తరగతులు మాని ద్వారకానగర్‌లో ఏఐ కోర్సుకు వెళుతున్నాడని ఇప్పుడే తెలిసింది. 50 పనిదినాల్లో 29 రోజులే హాజరయ్యాడు. మెడికల్ సర్టిఫికెట్ పెట్టి కండోనేషన్ (తగ్గిన హాజరుకు మినహాయింపు) అడగాలా, లేక ఈ సెమిస్టర్ వదిలేసి వచ్చే ఏడాది మళ్లీ చేరడం మంచిదా? – ఒక తండ్రి

జవాబు: ముందుగా ఊపిరి పీల్చుకోండి. హాజరు లెక్క తేల్చేది సెమిస్టర్ ముగిశాక. ఈ రోజు కనిపిస్తున్న 58 శాతం తుది లెక్క కాదు. సెమిస్టర్‌కు 90 పనిదినాలనుకుంటే ఇంకా 40 రోజులున్నాయి. అన్ని రోజులూ వెళితే 69 రోజులవుతాయి, అంటే 76 శాతం దాటుతుంది, కావలసిన 75 శాతం కంటే ఎక్కువే. ఒక్క రోజు మానినా ఫరవాలేదు కానీ, రెండు రోజులు మానితే 75 కంటే తగ్గుతుంది. 65 నుంచి 75 లోపు ఉన్నవారికి తగిన కారణం ఉంటే కళాశాల కమిటీ నిర్ణీత రుసుముతో మినహాయింపు ఇవ్వవచ్చు. 65 కంటే తగ్గితే ఎవరూ ఏమీ చేయలేరు. సబ్జెక్టువారీగా కూడా కనీస హాజరు ఉండాలి కాబట్టి, అతడు మానిన రోజుల్లో జరిగిన ల్యాబ్‌ల లెక్క విడిగా అడగండి.

ఇక మీరు కోరిన పోలిక. ఐఐటీల్లో ఉన్నట్లు ఒక సబ్జెక్టును మధ్యలో విరమించుకునే వెసులుబాటు అనుబంధ కళాశాలల్లో సాధారణంగా ఉండదు. వదిలితే సెమిస్టర్ మొత్తం వదలాలి. మీరుగా వదిలినా, హాజరు చాలక కళాశాల ఆపేసినా (డిటెయిన్), అదే సెమిస్టర్ మళ్లీ నడిచే వరకు ఏడాది ఆగవలసిందే. ఈలోగా సిలబస్ మారితే కొత్త నిబంధనల కింద చదవాలి. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కూ 75 శాతం హాజరు నిబంధన ఉన్నందున, ఆ పథకంలో ఉంటే నష్టం ఇంకా పెరుగుతుంది. అందువల్ల ఇప్పుడే వదలడంలో నాకు ఏ లాభమూ కనిపించడం లేదు.

మెడికల్ సర్టిఫికెట్ మాట మాత్రం నాకు బాధ కలిగించింది. మీ అబ్బాయికి జబ్బు చేయలేదు. లేని జబ్బుకు కాగితం తెచ్చిపెట్టి, ఇంట్లో నిజం దాచిన పిల్లవాడికి తండ్రే మరో అబద్ధం నేర్పిస్తారా? అతడు ఎందుకు దాచాడో మీరు అడిగారా? పక్కింటి పిల్లలు ఏఐ నేర్చుకుంటున్నారని ఇంట్లో రోజూ వినిపించి ఉంటే, అతడు మీ మాట నెగ్గించడానికే తరగతులు మానాడేమో ఆలోచించండి.

ఆ కోర్సుల విషయంలో నా సందేహాన్ని దాచను. మూడు నెలల్లో ఏఐ పరికరాలు (టూల్స్) వాడడం నేర్పవచ్చు కానీ, అవి ఎందుకు అలా పనిచేస్తాయో తెలియాలంటే సంభావ్యత, లీనియర్ ఆల్జీబ్రా, డేటా స్ట్రక్చర్స్, అల్గారిథమ్‌లు రావాలి. మొదటి రెండేళ్లలో తరగతి గదిలో చెప్పేవి అవే. ఆ పునాది పాఠాలు మాని పైకోర్సుకు వెళ్లే విద్యార్థులు నా దగ్గరకు తరచుగా వస్తారు, ప్రాజెక్టు చూపిస్తారు, అందులోని ఒక లూప్ (పదేపదే నడిచే కోడ్ భాగం) ఎందుకు రాశారంటే తడబడతారు. కోర్సు పనికిరాదని నేను అనడం లేదు. సాయంత్రం బ్యాచ్‌కో, సెమిస్టర్ సెలవులకో మార్చుకుంటే సరిపోతుంది. కట్టిన డబ్బు పోతుందని వెనుకాడవద్దు, ఏడాది పోవడం కంటే అది చిన్న నష్టం.

ఒకవేళ అన్నీ ప్రయత్నించినా 65 చేరకపోతే, అప్పుడూ చదువు ఆగిపోదు. నాలుగేళ్ల బీటెక్ పూర్తి చేయడానికి ఎనిమిదేళ్ల వరకు గడువుంటుంది. ఒక ఏడాది వెనుకబడి, తర్వాత నిలకడగా చదివి ఉద్యోగాల్లో చేరినవారిని నేను చూశాను. బంధువులకు ఏం చెప్పాలన్నది ఇప్పుడు మీ సమస్య కాకూడదు.

రేపు అబ్బాయిని వెంటబెట్టుకుని విభాగాధిపతిని కలవండి. సబ్జెక్టువారీ హాజరు తీసుకోండి, జరిగింది ఉన్నదున్నట్లు చెప్పించండి. మాట్లాడవలసింది అతడే, మీరు పక్కన కూర్చుంటే చాలు.